సగం తడిసిన కొర్రచేను

నంద్యాలలో దిగే కొత్తవాళ్లు మహానందికి వెళ్తారు. ఇంకొంచెం ముందుకు పోయి ఆళ్లగడ్డలో దిగేవాళ్లు అహోబిలానికి వెళ్తారు. నేను రెండుచోట్లా దిగి, పిడికెడు కొర్రాకులు తెచ్చుకున్నాను. దేవుళ్లతో నాకు పేచీ ఏమీ లేదు. దర్శనం వాయిదా వేసినా వాళ్లేమీ అనరు. మా మేడం అంటుంది.

మేడం అంటే హైదరాబాదులో నా పరిశోధనకు గైడు. వారాల తరబడి వాన లేకపోయినా కొర్రపైరు ఎందుకు చావదన్నది మా ప్రశ్న. జవాబు కోసం బెట్టలో వాడిన ఆకును నిలబడ్డ చోటే కోసి, అక్కడికక్కడే గడ్డకట్టించి తీసుకురావాలి. ఇదివరకు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పెట్టెలో మంచు పాణ్యం దాటకముందే కరిగి, ఆకులు లాబ్‌కు చేరేసరికి తోటకూర పులుసుకు పనికొచ్చేలా తయారయ్యాయి. రెండోసారి నేను చేను గట్టున కాలు పెట్టగానే వాన మొదలైంది. ఊరంతా పండగ చేసుకుంది. ఆ సంతోషంలో ఏడుపు ముఖంతో ఒకడున్నాడని ఎవరూ గమనించలేదు.

"ఈసారి కూడా ఆకులు రాకపోతే టాపిక్ మార్చేద్దాం," అంది మేడం. చాలా మెల్లగా అంది. అరిచి ఉంటే నేనంత కంగారు పడేవాణ్ని కాదు. నా పిహెచ్‌డీకి అప్పటికి ఐదేళ్లు. ఆ వయసు పిల్లలు బడికి పోతారు. నాది ఇంకా పాకుతోంది.

నంద్యాల: సూదులు లేని క్యాను

పొద్దున్నే బస్టాండు బయట ఉగ్గాని తిన్నాను. రెండు మిరపకాయ బజ్జీలతో కలిపి నలభై రూపాయలు. మాది అమలాపురం వైపు. మా ఊళ్లో మరమరాలు తడవడం ప్రమాదం. ఇక్కడ అది పద్ధతి. బొరుగులను నీళ్లలో ముంచి, పిండి, తాలింపు వేసి, పప్పులపొడి చల్లి ఇచ్చారు. ఇన్నాళ్లూ మా అమ్మ డబ్బా మూత అంత గట్టిగా ఎందుకు బిగించిందా అనిపించింది.

ఈసారి మంచు జోలికి పోలేదు. ఆకును క్షణంలో రాయిలా బిగించాలంటే ద్రవ నత్రజని కావాలి. అంత చల్లని సరుకు జిల్లాల్లో ఎక్కడ దొరుకుతుందో నాకు ఐదేళ్ల చదువు చెప్పలేదు, మా లాబ్ అటెండరు చెప్పాడు: పశువులకు కృత్రిమ గర్భధారణ చేసేవాళ్ల దగ్గర. మేలుజాతి కోడెల వీర్యాన్ని, ఊళ్లవాళ్ల మాటలో 'సూదుల'ను, దాచేది అందులోనే. ముందే ఫోన్ చేసి, ఖాళీ క్యానుతో అక్కడికి వెళ్లాను. క్యాను నింపే ఆయన పేరు దస్తగిరి. లావుపాటి మీసం, లావుపాటి చేతి తొడుగులు.

"ఏ జాతి సూదులప్పా, ఒంగోలా, జెర్సీనా?"

"సూదులు కాదండి. కొర్రాకులు."

ఆయన గొట్టం పక్కన పెట్టాడు. "కొర్రకు గూడా సూదులేస్తాండారా ఇప్పుడు?"

"కాదండి. ఆకులు కోసి ఇందులో వేస్తాను."

"ఏసి?"

"హైదరాబాదు తీసుకెళ్లి చూస్తాను."

"ఏం చూస్తావ్?"

"బతికున్నప్పుడు అందులో ఏం జరిగిందో."

దస్తగిరి మళ్లీ గొట్టం తీసుకుని, నేను అడిగినదానికన్నా ఇంకో లీటరు ఎక్కువే పోశాడు. "జాగ్రత్తప్పా. మూత బిగిచ్చద్దు, పేలుతాది. ఎవురన్నా అడిగితే సూదులే అని చెప్పు. ఆకులంటే నిన్ను యాడికన్నా తోలకపోతారు."

మంచి సలహా అని అప్పటికి తోచలేదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ: ఆటోలో పొగ

బస్సు కండక్టరు మూతలోంచి వస్తున్న తెల్లటి పొగను చూసి తల అడ్డంగా ఊపాడు. వాదించడానికి నాకు కారణమేదీ కనపడలేదు. షేర్ ఆటోవాడు మాత్రం చూసి, "ఓ, సూదులా? ఎక్కు సారూ," అన్నాడు. కాళ్ల మధ్య క్యాను పెట్టుకుని కూర్చున్నాను.

మా గోదావరి జిల్లాల్లో 'అండి' తగిలించకపోతే వాక్యం పూర్తయినట్టు కాదు. ఎదుటివాణ్ని తిట్టేటప్పుడు కూడా వదలం. ఇక్కడివాళ్లు మాటను కొబ్బరికాయలా పగలగొట్టి చేతికిస్తారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పరిచయాలతో కాలం వృథా చేయలేదు.

"మా ఆవు ఎదకొచ్చి నిన్నట్నుంచి అరుస్తాంది. శిరివెళ్లలో దిగు, పోదాం."

"నేను పశువుల మనిషిని కాదండి. ఆకుల మనిషిని."

"ఆకులు మేసేది యాదప్పా? ఆవే గదా. దిగు."

దిగలేదు. శిరివెళ్లలో ఆయన ఒక్కడే దిగి, ఆటో కదిలేదాకా నన్ను చూస్తూ నిలబడ్డాడు. చదువుకున్నవాళ్లకు జాలి ఉండదన్న ఆయన అభిప్రాయాన్ని నేను ఆరోజు గట్టిపరిచాను.

ఆళ్లగడ్డ: తొడ కింద పని

ఆళ్లగడ్డ దగ్గర పడుతోందని ముందు చెవికి తెలుస్తుంది. రోడ్డు పక్కన వరసగా రాతిపని షెడ్లు, ఉలుల చప్పుడు. తర్వాత ముక్కుకు తెలుస్తుంది, రాతిదుమ్ము. సగం చెక్కిన నందులు, ముక్కు ఇంకా రాని వినాయకులు, కాళ్లు మాత్రమే ఉన్న ఒక వేంకటేశ్వరుడు. నన్ను చేనికి తీసుకెళ్లాల్సిన రైతు ఓబులేసు పదకొండుకు వస్తానన్నాడు కాబట్టి ఒక షెడ్డులో నీడకు చేరాను. అక్కడ మేస్త్రీ బ్రహ్మయ్య ఆచారి, అరవై దాటినవాడు, పీట మీద కూర్చుని ఉన్నాడు. పనివాళ్లు నలుగురూ ఖాళీగా చాయ్ తాగుతున్నారు.

"పని లేదా అండి ఇవాళ?"

"పనికేం, ఉండాది." ఆయన కాస్త పక్కకు ఒరిగాడు. తొడ కింద నాలుగైదు అట్టముక్కలు. వాటి మీద పెన్సిలుతో బొమ్మలు, అంకెలు. "రాయి రాలే, కరెంటు ల్యా. ఇప్పుడు ఇవి వీళ్ల చేతికిస్తే తలా ఒగటి మొదులుపెట్టి సగంలో ఇడ్సిపెడతారు. చించి పారేస్తే మల్లా ఇంటికి పోయి రాసుకోని రావాల. అందుకే కింద పెట్టుకోని కూకున్యా."

"ఇంటికెందుకండి?"

"కొలతల పుస్తకం మా తాత కాలంది. అది ఇల్లు దాటదు. కావల్సింది అట్ట మీద ఎక్కిచ్చుకోని వస్తా, అంతే. పనైనాక చించేస్తా."

"దాచుకుంటే పోదా?"

పనివాళ్లలో ఒకడు నవ్వాడు. ఆచారి నవ్వలేదు. "దాచిపెడితే ఏమైతాదంటే, ఒగసారి నంది అట్ట చించేది మర్చిపోయి పెండ్లికి పోతి. వచ్చేపాటికి మూడు నందులు. అడిగింది ఒగాయన, అడిగింది ఒగటే. అట్ట కనపడితే సాలు, ఈ నాయాండ్లు చెక్కుతానే ఉంటారు."

వాళ్లు నాకిచ్చిన చాయ్ కింద పెట్టాను. ఐదేళ్లుగా సెమినార్లలో నలభై స్లైడ్లు వేసి నేను చెప్పలేకపోయిన సంగతిని ఆయన కూర్చున్నచోటి నుంచి లేవకుండా చెప్పాడు.

ఆ సెమినార్లకు రానివాళ్ల కోసం చెబుతాను. కణంలో డీఎన్ఏ అనే పుస్తకం ఉంటుంది. మొక్కల్లో, మనలో, అది కేంద్రకం అనే గది దాటి రాదు. కావలసిన పేజీకి నకలు తీసి బయటికి పంపుతారు. ఆ నకలు మెసెంజర్ ఆర్ఎన్ఏ, అంటే కబురు. బయట రైబోసోములనే పనివాళ్లు దాన్ని చదివి ప్రొటీన్లు తయారుచేస్తారు. ఒక్క కబురు చాలు, చించేదాకా చేస్తూనే ఉంటారు. అందుకని కబురును పట్టుకునే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. ఏ కబురు పనివాళ్లకు అందాలి, ఏది ఆగాలి, ఏది చిరగాలి అన్నది చాలావరకు వాటి చేతిలో పని. బెట్ట వచ్చినప్పుడు కొర్రలో అలాంటి ప్రొటీను ఒకటి కొన్ని కబుర్లను పట్టుకుని కూర్చుంటుందని మా అనుమానం. చదవనివ్వదు, చిరగనివ్వదు. నీళ్లు రాగానే వదులుతుంది. మళ్లీ నకలు తీసే పని లేకుండా పైరు వెంటనే లేస్తుంది. దీన్ని రుజువు చేయడమే నా ఉద్యోగం.

ఇదంతా ఆచారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఆకులో నాలాంటోడు ఒగడుండాడు."

"ఉన్నాడనే అనుకుంటున్నామండి."

"వాని పేరేంది?"

"ఇంకా పేరు పెట్టలేదు. నంబరుంది."

"పాపం," అన్నాడు ఆచారి. "జీతమన్నా ఇస్తాండారా?"

ఓబులేసు ఊరు: బారులు తీరిన పశువులు

ఓబులేసు బండి మీద వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. కొత్త చొక్కా వేసుకున్నాడు, జేబు మీద మడత ఇంకా పోలేదు. నేను అడిగిన ఏర్పాటు చిన్నదే: పక్క మడులకు బోరు నీళ్లు పెట్టుకున్నా సరే, ఒక మడి కొర్రకు మాత్రం నేను వచ్చేదాకా చుక్క పెట్టవద్దు. ఒప్పుకున్నాడు. ఇరవై రోజులుగా వాన కూడా లేదు. శాస్త్రానికి ఇంతకన్నా మంచిరోజులు, రైతుకు ఇంతకన్నా చెడ్డరోజులు ఉండవు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గేసింది.

ఊళ్లోకి వెళ్లేసరికి వేపచెట్టు దగ్గర రెండు ఆవులు, ఒక గేదె కట్టేసి ఉన్నాయి. పక్కన వాటి యజమానులు. ఆటోవాడి ఫోను మాకన్నా ముందే చేరినట్టుంది.

"ఈ సారు ఆ సారు కాదు," అన్నాడు ఓబులేసు.

"క్యాను అదే గదా?"

"క్యాను అదే. సారు వేరే."

"మల్లా ఎందుకు మోస్తాండాడప్పా అంత బరువు?" ఈ ప్రశ్నకు నా థీసిస్‌లో కూడా సరైన జవాబు లేదు. దస్తగిరికి ఫోన్ చేసి అసలు మనిషిని పంపమన్నాను. మర్నాడే వచ్చాడట. ఆ యాత్రలో నేను మొదట సాధించిన ఫలితం అది.

చేను

చేను చూసి నేను నిలబడిపోయాను. మడి మొదలంతా నిగనిగలాడుతోంది. ఆకులు కత్తుల్లా నిటారుగా నిలిచి ఉన్నాయి. కాళ్ల కింద నల్లరేగడి తడిగా ఉంది.

"ఎట్లుండాది సారూ?" అన్నాడు ఓబులేసు. ముఖం వెలిగిపోతోంది.

"బాగుంది," అన్నాను. అదే ఇబ్బంది.

"నీళ్లు పెట్టావా అన్నా?"

"పొద్దన ఏడుకు పెట్టినా." అప్పుడు నా ముఖం చూశాడు. వెలుగు తగ్గింది. "మూన్నాళ్ల నుంచి నిద్ర రాలే సారూ. హైదరాబాదు నుంచి మనిషొస్తాంటే వాడిపోయిన చేను చూపిచ్చేదా? ఊర్లో ఏమంటారు? ఓబులేసుకు చేతగాదంటారు. ఇంటికొచ్చినోనికి సద్ది బువ్వ పెట్టినట్లుండదా?"

మా ఊళ్లో అతిథి వస్తున్నాడంటే దుప్పటి మారుస్తారు. ఇక్కడ చేనుకు నీళ్లు పెట్టారు. రెండిటికీ మూలం ఒకటే కాబట్టి కోపం తెచ్చుకోవడానికి నాకు చోటు దొరకలేదు. గట్టు మీద కూర్చున్నాను. క్యాను పొగలు కక్కుతోంది. మేడంకు ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుని చూశాను. ఏ రకంలోనూ టాపిక్ మిగల్లేదు.

"నేను చెప్తానే ఉంటి వీనికి!" వెనక నుంచి గొంతు. ఓబులేసు తల్లి సుబ్బమ్మ, నెత్తిన బువ్వగంప, నడుముకు కొడవలి. "ఎండిన కొర్ర చూడనీకే వస్తాండాడురా అంటే వినలే. పోయినసారి నువ్వొచ్చి వాన తెస్తివి, ఈసారి వీడు మోటారేసె. నీకు పొడి రాసిపెట్టలేదు నాయనా." గంప దించి, చేను పొడవునా చూసింది. "అంతా యాడ తడిసింది? కరెంటు గంటకే పాయ గదా. ఆ పక్క చూడు."

చూశాను. మడి మధ్యలో గీత గీసినట్టు తడి ఆగిపోయింది. అవతల సగంలో ఆకులు చుట్టలు చుట్టుకుని, బూడిదరంగు తిరిగి, నేల వైపు వాలి ఉన్నాయి.

"అది సగం, ఇది సగం. రెండూ కోసకపో," అంది సుబ్బమ్మ. "విత్తనం ఒగటే, నేల ఒగటే, ఎండ ఒగటే. తేడా యాడుండాదో మీ మిషన్లు చెప్పవా?"

లేచి నిలబడ్డాను. మాకున్న ప్లాను వాడిన ఆకులు మాత్రమే. తడిసిన ఆకులను తర్వాత కుండీల్లో పెంచిన మొక్కల నుంచి తీసుకోవాలనుకున్నాం. అక్కడ నేల వేరు, వెలుతురు వేరు, అన్నీ వేరు. ఒకే మడిలో, ఒకే పగలు, పట్టుకున్న చేయీ, వదిలిన చేయీ పక్కపక్కన దొరుకుతాయని మా ప్రాజెక్టు ప్రతిపాదన రాసిన ఏడుగురు విద్వాంసుల్లో ఎవరికీ తట్టలేదు. మేడంకు ఫోన్ చేసి రెండు వాక్యాల్లో చెప్పాను. 

"ఎప్పుడు పెట్టాడు నీళ్లు?"

"ఏడింటికి మేడం."

"ఇప్పుడు పన్నెండు కావస్తోంది. ఫోను పెట్టేసి కొయ్యి."

గ్లోవ్స్ తీసి ఓబులేసుకూ సుబ్బమ్మకూ ఇచ్చాను. సుబ్బమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా చేతులు అంత మైలనా?"

"కాదమ్మా. ఎవరి చేతికైనా ఆకులో మాకు కావలసినదాన్ని తినేసే పదార్థం ఉంటుంది. నా చేతికీ ఉంది, మా మేడం చేతికీ ఉంది."

"మీ మేడం గూడా తొడుక్కుంటాదా?"

"ఆవిడ ముందు తొడుక్కుంటుంది."

అయితే సరే అని తొడుక్కుంది. నేను కత్తెరతో మొదటి ఆకు కోసి, రేకులో చుట్టి, క్యానులో వేశాను. ఆమె చూసింది. "ఇట్ల కోస్తే దీపాలు పెట్టే యాళైతాది. జరుగు." కొడవలిని నేను మందుతో తుడిచి ఇచ్చాను. ఇక చూడండి. ఆమె కోత, నా చుట్టడం, ఓబులేసు మూత. కోయడానికీ గడ్డకట్టడానికీ మధ్య నేను అయిదు అంకెలు లెక్కపెట్టలేకపోయాను. మా లాబ్‌లో ఏసీ గదిలో ఇంతకు రెండింతలు పడుతుంది. పొడి సగంలో ఇరవై నాలుగు పొట్లాలు, తడి సగంలో ఇరవై నాలుగు. ఎర్ర దారం పొడికి, తెల్ల దారం తడికి. దారాలు సుబ్బమ్మ చీరకొంగువి.

తర్వాత గట్టు మీదే భోజనం. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి అనే పల్లీల పచ్చడి, ఉల్లిపాయ, కొర్రబువ్వలో గోంగూర పప్పు. మా వైపు ఇంకొంచెం వడ్డించాలంటే మూడుసార్లు బతిమాలతారు, మూడుసార్లు వద్దనాలి. ఇక్కడ సుబ్బమ్మ ఒకసారే అంది: "తిను. మల్లా అడగను." నేను తిన్నంత ఎవరూ తినలేదు. ఊరిబిండి కారానికి వచ్చిన కన్నీళ్లను ఓబులేసు ఇంకోరకంగా అర్థం చేసుకుని, "పోనీలే సారూ, బాధపడొద్దు," అంటూ వీపు నిమిరాడు. నేను కాదనలేదు.

హైదరాబాదు

క్యాను భద్రంగా చేరింది. మొదటిరోజు ఆర్ఎన్ఏ పాడైందో లేదో చూసే జెల్ నడిపాం. ఆర్ఎన్ఏ చెడిపోతే దాని ఫొటోలో పొగమంచులాంటి మరక కనిపిస్తుంది. మాకు పదునైన గీతలు కనిపించాయి, ఒక్కోదానికి రెండేసి, నలభై ఎనిమిది పొట్లాలకూ. అంత శుభ్రమైనది మా లాబ్‌లో ఎవరూ చూడలేదు. "ఎవరు కోశారు?" అంది మేడం. "నేను కాదు," అన్నాను. "అనుకున్నాను," అంది.

అసలు పరీక్ష వారం పట్టింది. మేం వెతుకుతున్న కబుర్లు పొడి ఆకుల్లోనూ తడి ఆకుల్లోనూ దాదాపు సమానంగా ఉన్నాయి. అంటే బెట్టలో అవి చిరగలేదు. కానీ పొడి ఆకుల్లో అవి రైబోసోముల దగ్గరికి వెళ్లలేదు. మా నంబరు ప్రొటీనును పట్టి లాగితే దాని వెంటే గుత్తులుగా వచ్చాయి. తడి ఆకుల్లో అదే ప్రొటీను దాదాపు ఖాళీ చేతులతో వచ్చింది. కబుర్లన్నీ రైబోసోముల మీద ఉన్నాయి. పొడిలో పట్టుకుంది, నీళ్లు రాగానే వదిలింది. ఐదేళ్ల అనుమానం అన్ని గొట్టాల్లోనూ ఒకే మాట చెప్పింది.

మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. నాకు తెలిసి ఆవిడ అలా తీయడం అది రెండోసారి. మొదటిసారి తలనొప్పి. "ఇంక రాయడం మొదలుపెట్టు," అంది. "ఆ తల్లి పేరు మన పేపర్లో వేయాలి. ముందు వాళ్లకు ఫోన్ చెయ్యి."

ఉదయం పూట, లాబ్‌లో అందరూ ఉండగానే స్పీకరు పెట్టి చేశాను. ఫలితం చెప్పాను. నువ్వు నీళ్లు పెట్టడం వల్లే ఇంత గట్టిగా తేలిందని ఓబులేసుకు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అవతల పెద్ద ఊపిరి వినిపించింది.

"సంతోషం సారూ. అయితే ఇంగ ఆ సగానికి నీళ్లు పెట్టుకోవచ్చునా?"

"ఇంకా పెట్టలేదా?"

"మీరు పెట్టమని చెప్పకనే పోతిరి గదా. మా యమ్మ మోటారు కాడికి పోనియ్యలే. ఒగసారి చెడగొట్టింది సాలు, సారు చెప్పినాక ముట్టు అనె. ఎనిమిది దినాలాయ."

"బతికుందా?"

వెనక సుబ్బమ్మ గొంతు: "కొర్ర గదప్పా, యాడికి పోతాది! పెట్టమంటాండాడా, లేదా?"

"పెట్టండమ్మా. ఇప్పుడే పెట్టండి. ఇది చెప్పకుండా వచ్చేసినందుకు నన్ను తిట్టండి."

"తిట్టేది మల్లా. కరెంటుండాది, పోరా బిర్న!"

ఓబులేసు ఫోను జేబులో పెట్టుకుని పరిగెత్తినట్టున్నాడు. చొక్కా రాపిడి, చెప్పుల చప్పుడు, ఎక్కడో కాకి. తర్వాత స్టార్టరు టక్‌మంది, మోటారు అందుకుంది. పైపులో గాలి దగ్గినట్టు దగ్గి, నీళ్లు దూకాయి.

"పారుతాండాయి సారూ! యినపడతాండాదా?"

వినపడింది. మా లాబ్‌లో తొమ్మిదిమంది చేతుల్లో పనులు ఆపి ఆ నీళ్ల చప్పుడు విన్నారు. మేడం కళ్లజోడు పెట్టుకుని గోడ గడియారం వైపు చూసింది.

"తొమ్మిదైంది," అంది. "ఐదు గంటలు. రెండుకల్లా మన నంబరు వదిలేస్తుంది."

దేన్ని అని ఎవరూ అడగలేదు.